ప్రతి క్రియకూ దాని కాలం: ఇంగ్లీషు వాక్యాల్లో టెన్స్ తడబడకుండా రాసే పద్ధతి

చిక్కడపల్లి గ్రంథాలయం పరిసరాల్లో ఉద్యోగ పరీక్షలకు చదువుకుంటున్న వారికి సాయంత్రం వేళల్లో ఇంగ్లీషు రాయడం నేర్పుతుంటాను. గ్రూప్‌-1 మెయిన్స్‌లో జనరల్ ఇంగ్లీషు అర్హత పేపరు మాత్రమే, ఆ మార్కులు ర్యాంకులో కలవవు. అయినా అందులో అర్హత రాకపోతే మిగిలిన పేపర్లలో పడిన కష్టమంతా వృథా అవుతుంది కాబట్టి, తెలుగు మాధ్యమంలో చదివి వచ్చినవారు ఆ పేపరును తలచుకొని ఎక్కువగా భయపడతారు. వారి కాగితాల్లో నాకు అన్నిటికంటే తరచుగా కనిపించే తప్పు, ఒకే వాక్యంలో క్రియలు ఒక్కొక్కటి ఒక్కో కాలంలో ఉండడం. ఇది అశ్రద్ధ వల్ల వచ్చే తప్పు కాదని, తెలుగు వాక్యం మనకు చిన్ననాటి నుంచి అలవాటు చేసిన ఒక పద్ధతి వల్ల వచ్చేదని నా అభిప్రాయం. ఆ పద్ధతి ఏమిటో అర్థమైతే దిద్దుకోవడం కూడా తేలికవుతుంది.

ఒక అభ్యర్థి తన ఆదివారం గురించి రాసిన వాక్యాన్ని ఇక్కడ యథాతథంగా ఇస్తున్నాను: “లాస్ట్ సండే ఐ గో టు ఆబిడ్స్ విత్ మై బ్రదర్, వాక్ ఆన్ ద ఫుట్‌పాత్, సెర్చ్ ఫర్ ఎన్ ఓల్డ్ డిక్షనరీ, ద షాప్‌కీపర్ ఆస్క్ త్రీ హండ్రెడ్ రుపీస్, వి గివ్ టూ హండ్రెడ్ అండ్ కేమ్ హోమ్.”

ఈ వాక్యంలో ఆరు క్రియలున్నాయి: గో, వాక్, సెర్చ్, ఆస్క్, గివ్, కేమ్. వీటిలో భూతకాలంలో ఉన్నది చివరిదొక్కటే. ఇది కాకతాళీయం కాదు. ఆ అభ్యర్థి మనసులో ముందుగా రూపుదిద్దుకున్న తెలుగు వాక్యం ఇలా ఉండి ఉంటుంది: “పోయిన ఆదివారం మా తమ్ముడితో ఆబిడ్స్ వెళ్లి, ఫుట్‌పాత్ మీద నడిచి, పాత డిక్షనరీ కోసం వెతికి, దుకాణదారు మూడు వందలు అడిగితే రెండు వందలు ఇచ్చి ఇంటికి వచ్చాము.” ఇందులో వెళ్లి, నడిచి, వెతికి, అడిగితే, ఇచ్చి అన్నవన్నీ అసమాపక క్రియలు, వాటికి సొంతంగా కాలం లేదు. వాక్యం మొత్తానికి కాలాన్ని ఇచ్చేది చివర ఉన్న ‘వచ్చాము’ అనే సమాపక క్రియ ఒక్కటే. ‘పోయిన’ అన్నచోట ‘వచ్చే’ అనీ, ‘వచ్చాము’ అన్నచోట ‘వస్తాము’ అనీ మార్చి చూడండి. మధ్యలో ఒక్క అక్షరం కూడా మార్చకుండానే జరిగిపోయిన సంగతి జరగబోయే సంగతి అవుతుంది. హైస్కూలు తెలుగు వ్యాకరణంలో సంక్లిష్ట వాక్యం పేరిట మనం చదువుకున్నది ఇదే.

ఇంగ్లీషులో ఆ వెసులుబాటు లేదు. కామాలతోనో, ‘అండ్’, ‘బట్’ వంటి మాటలతోనో కలిపిన క్రియల్లో ప్రతి ఒక్కటీ తన కాలాన్ని తానే చెప్పుకోవాలి. పక్క క్రియ భూతకాలంలో ఉన్నంత మాత్రాన దీనికి ఆ కాలం సంక్రమించదు. మనవాళ్లు ‘వెళ్లి’ అన్న మాటకు ‘గో’ అనీ, ‘ఇచ్చి’ అన్న మాటకు ‘గివ్’ అనీ రాసి, చివరి క్రియకు వచ్చేసరికి తెలుగులో లాగానే కాలాన్ని చేర్చి ఊరుకుంటారు. అందుకే మన కాగితాల్లో చివరి క్రియ సాధారణంగా సరిగా ఉంటుంది, దాని ముందున్నవి తప్పుతాయి. పై వాక్యాన్ని దిద్దితే ఇలా ఉంటుంది: “లాస్ట్ సండే ఐ వెంట్ టు ఆబిడ్స్ విత్ మై బ్రదర్. వి వాక్డ్ ఆన్ ద ఫుట్‌పాత్ అండ్ సెర్చ్డ్ ఫర్ ఎన్ ఓల్డ్ డిక్షనరీ. ద షాప్‌కీపర్ ఆస్క్డ్ ఫర్ త్రీ హండ్రెడ్ రుపీస్, బట్ వి గేవ్ హిమ్ టూ హండ్రెడ్ అండ్ కేమ్ హోమ్.” వాక్యాన్ని మూడుగా విడగొట్టినందువల్ల కర్త మారినచోటు కూడా స్పష్టమైంది. తెలుగులో అరపేజీ పొడవున సాగే వాక్యం కూడా అందంగానే ఉంటుంది కానీ, ఇంగ్లీషులో సాధన మొదలుపెట్టినవారు ఒక వాక్యంలో రెండు మూడు క్రియలకు మించి పెట్టకపోవడం మంచిది.

రాయడానికి ముందు చేయవలసిన పని

కాగితం మీద మొదటి మాట రాయకముందే పేరా మొత్తానికి ఒక ఆధార కాలాన్ని నిర్ణయించుకోవాలి. అంటే ఈ పేరా జరిగిపోయిన సంఘటనను చెబుతున్నదా, ఇప్పుడు ఉన్న స్థితినో రోజూ జరిగే పనినో చెబుతున్నదా, జరగబోయేదాన్ని చెబుతున్నదా అని తేల్చుకొని, పేరా పక్కన మార్జిన్‌లో పెన్సిలుతో ‘నిన్న’, ‘రోజూ’, ‘రేపు’ అనే మూడు మాటల్లో ఒకటి రాసుకోవాలి. నా విద్యార్థులకు పాస్ట్, ప్రెజెంట్, ఫ్యూచర్ అనే పేర్లకంటే ఈ మూడు తెలుగు మాటలే ఎక్కువ ఉపయోగపడ్డాయి. ‘నిన్న’ అని రాసుకున్న పేరాలో ఏ క్రియ దగ్గర అనుమానం వచ్చినా, ఆ క్రియ ముందు ‘ఎస్టర్డే’ అనే మాట పెట్టి చదువుకుంటే సరిపోతుంది. “ఎస్టర్డే వి గివ్” అని పెదవులు కదిపి చదవగానే తప్పు చెవికి తగులుతుంది.

రాయడం పూర్తయ్యాక క్రియల కింద గీతలు గీయాలి. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. అన్ని క్రియలకూ భూతకాలం తగిలించాలని ఉత్సాహపడి “వి వెంట్ టు బాట్ ఎ డిక్షనరీ” అనీ, “హీ డిడ్ నాట్ గేవ్ ద బిల్” అనీ రాసేవారు ఉన్నారు. నిజానికి ఈ తప్పు, మొదటి తప్పును దిద్దుకోవడం మొదలుపెట్టిన రెండో వారంలోనే కనిపిస్తుంది, దానికి నిరుత్సాహపడనక్కరలేదు. ‘కొనడానికి’ అనే తెలుగు మాటకు కాలం లేనట్లే ‘టు బై’ అన్న మాటకూ కాలం లేదు. ‘డిడ్’ వచ్చినచోట భూతకాలాన్ని ఆ మాటే మోస్తుంది కనుక దాని తరువాతి క్రియ మామూలు రూపంలోనే ఉండాలి. ‘విల్’, ‘కెన్’, ‘షుడ్’, ‘మస్ట్’ తరువాత వచ్చేవీ అంతే. ‘నడుస్తూ’ అన్న అర్థంలో వాక్యం మొదట పెట్టే ‘వాకింగ్’ కూడా కాలం లేని రూపమే కాబట్టి, “వాకింగ్ ఆన్ ద ఫుట్‌పాత్, వి సా ఎన్ ఓల్డ్ డిక్షనరీ” అని నిశ్చింతగా రాయవచ్చు. వీటి కింద గీత గీయవలసిన పని లేదు.

మరొక చిక్కు చెవికి సంబంధించినది. ‘ఆస్క్డ్ ద’, ‘వాక్డ్ టు’ వంటి చోట్ల మాట్లాడేటప్పుడు మధ్యనున్న ‘డ్’ ధ్వని పక్క హల్లులో కలిసిపోయి దాదాపు వినిపించదు. వినిపించనిది చేతికి రాదు. అందువల్ల ‘వెంట్’, ‘గేవ్’ వంటి పూర్తిగా మారే క్రియలను సరిగా రాసేవారు కూడా ‘ఆస్క్డ్’, ‘హెల్ప్డ్’, ‘యూజ్డ్’ వంటివాటి చివర ఇ, డి అనే రెండు అక్షరాలను వదిలేస్తుంటారు. ఈ రకం క్రియలను రాసేటప్పుడు మాత్రమే మనసులో ఆ ‘డ్’ను నొక్కి పలకమని చెబుతాను. ఇక ‘కట్’, ‘పుట్’, ‘హిట్’ వంటివి భూతకాలంలోనూ మారవు. ‘రీడ్’ అనే క్రియకు భూతకాలంలో స్పెల్లింగు మారదు, ఉచ్చారణ ‘రెడ్’ అవుతుంది. మన లిపిలో రాస్తే రెండూ వేరుగా కనిపిస్తాయి కాబట్టి ఈ ఒక్క క్రియకు తెలుగు లిపిలో నోట్సు రాసుకోవడమే మేలు.

‘వస్తాను’ అనే మాట తెచ్చే చిక్కు

“నేను రోజూ మెట్రోలో వెళ్తాను”, “నేను రేపు మెట్రోలో వెళ్తాను”. తెలుగులో ఈ రెండు వాక్యాలకూ క్రియ ఒక్కటే. అలవాటును, స్వభావాన్ని తెలిపే రూపాన్ని మన వ్యాకరణం తద్ధర్మం అన్నది; వాడుకలో అది భవిష్యత్తుతో కలిసిపోయి ఒకే రూపంగా నిలిచింది. ‘రోజూ’, ‘రేపు’ అనే మాటలే తేడా చెబుతాయి. ఇంగ్లీషులో మాత్రం మొదటిది “ఐ గో బై మెట్రో ఎవ్రీ డే”, రెండోది “ఐ విల్ గో బై మెట్రో టుమారో”. ఈ తేడా గుర్తు లేకపోవడం వల్లనే హైదరాబాద్‌లో ఇంటర్వ్యూ గదుల దగ్గర నుంచి ఆఫీసు మెయిళ్ల దాకా “డైలీ ఐ విల్ గెట్ అప్ ఎట్ ఫైవ్” అనే వాక్యం వినిపిస్తుంది, కనిపిస్తుంది.

తండ్రి గురించి రాయమంటే ఒకరు ఇలా రాశారు: “మై ఫాదర్ రన్స్ ఎ టిఫిన్ సెంటర్ ఇన్ నాచారం. హీ విల్ గెట్ అప్ ఎట్ త్రీ, గ్రైండ్ ద చట్నీ అండ్ ఓపెన్స్ ద షాప్ ఎట్ సిక్స్.” మొదటి వాక్యం రోజూ జరిగేదాన్ని చెబుతోంది, అంటే ఆధార కాలం ‘రోజూ’. రెండో వాక్యంలో ‘విల్’ రాగానే చదివేవారికి ఆ తండ్రి ఇంకా ఆ పని మొదలుపెట్టలేదేమో అనిపిస్తుంది. మళ్లీ ‘ఓపెన్స్’ అనగానే ఆ అనుమానం తికమకగా మారుతుంది. “హీ గెట్స్ అప్ ఎట్ త్రీ, గ్రైండ్స్ ద చట్నీ అండ్ ఓపెన్స్ ద షాప్ ఎట్ సిక్స్” అంటే మూడు క్రియలూ ఒకే వరుసలో నిలుస్తాయి. తెల్లవారుజామున మూడింటికి లేచి కష్టపడే మనిషి గురించి రాసేటప్పుడు ఆ కష్టం రోజూ ఉన్నదని తెలియజేసేది ఆ చివరి ‘స్’ ధ్వనే కనుక, దాన్ని వదిలేయకూడదు.

దీనికి నేరుగా సంబంధించినదే ‘ఇఫ్’, ‘వెన్’ మాటలతో వచ్చే చిక్కు. “వాన పడితే మ్యాచ్ ఆగిపోతుంది”, “సికింద్రాబాద్ చేరాక ఫోన్ చేస్తాను” అనే వాక్యాల్లో ‘పడితే’, ‘చేరాక’ అన్నవాటికి కాలం లేదు. ఇంగ్లీషులో ఏదో ఒక కాలం పెట్టక తప్పదు. రాబోయే సంగతి కదా అని రెండు చోట్లా ‘విల్’ పెట్టడం కాలం కుదిరించడం కాదు. షరతునో సమయాన్నో చెప్పే భాగంలో ప్రెజెంట్ టెన్స్, ఫలితం చెప్పే భాగంలో ‘విల్’ ఉండాలి: “ఇఫ్ ఇట్ రెయిన్స్, ద మ్యాచ్ విల్ స్టాప్.” “వెన్ ఐ రీచ్ సికింద్రాబాద్, ఐ విల్ కాల్ యు.” పైకి రెండు కాలాలుగా కనిపించినా ఇవి సరైన జతలే.

కాలం మారవలసిన చోట మార్చడం

ఆధార కాలం ఒక్కటే ఉండాలంటే పేరాలోని క్రియలన్నీ ఒకే టెన్స్‌లో ఉండాలని అర్థం కాదు. సంగతి ఎప్పటిదో క్రియ అప్పటిదిగా ఉండాలి. ఊరికే మారకూడదు, కారణం ఉంటే మారకుండా ఉండకూడదు. ఈ విషయం నేర్పడానికి నేను మన నగరంలోని సంస్థ గురించే ఒక పేరా ఇస్తుంటాను: “ద సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లిష్ వాజ్ సెట్ అప్ ఇన్ హైదరాబాద్ ఇన్ 1958. లేటర్ ఇట్ బిగాన్ టు టీచ్ అదర్ ఫారిన్ లాంగ్వేజెస్, అండ్ ఇన్ 2007 ఇట్ బికేమ్ ఎ సెంట్రల్ యూనివర్సిటీ. టుడే ఇట్ ఈజ్ కాల్డ్ ది ఇంగ్లిష్ అండ్ ఫారిన్ లాంగ్వేజెస్ యూనివర్సిటీ. ఇట్స్ మెయిన్ క్యాంపస్ ఈజ్ ఇన్ తార్నాక, అండ్ ఇట్ హ్యాజ్ క్యాంపసెస్ ఇన్ లక్నో అండ్ షిల్లాంగ్ యాజ్ వెల్.”

మొదటి మూడు క్రియలు, అంటే స్థాపించడం, బోధన మొదలుపెట్టడం, విశ్వవిద్యాలయంగా మారడం, ముగిసిపోయిన సంఘటనలు. ‘టుడే’ అనే మాట దగ్గర కాలం మలుపు తిరిగింది. అక్కడి నుంచి ఉన్నవన్నీ నేటి స్థితిని చెప్పేవి. ఒకరు ఈ పేరాను ‘కాలం ఒకేలా ఉండాలి’ అని నేర్చుకున్న నియమం ప్రకారం దిద్ది, చివరి వాక్యాన్ని “ఇట్స్ మెయిన్ క్యాంపస్ వాజ్ ఇన్ తార్నాక” అని మార్చారు. ఆ ఒక్క మార్పుతో విశ్వవిద్యాలయం తార్నాక నుంచి ఎక్కడికో తరలిపోయిందన్న అర్థం వచ్చింది. ఉస్మానియా క్యాంపస్ మీదుగా రోజూ బస్సులో వచ్చే విద్యార్థి రాసిన వాక్యం అది. వాస్తవం తెలిసినా క్రియ తప్పుడు వాస్తవం చెప్పగలదనడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

చార్మినార్ గురించి రాసినా ఇంతే. 1591లో ముహమ్మద్ కులీ కుతుబ్ షా కట్టించారు కనుక ‘బిల్ట్’. ఇప్పటికీ నాలుగు మినార్లు ఉన్నాయి కనుక ‘హ్యాజ్’. మలుపు తిరిగేచోట ‘టుడే’, ‘నౌ’, ‘ఎట్ దట్ టైమ్’, ‘లేటర్’ వంటి మాట ఒకటి ఉంచితే చదివేవారు దారి తప్పరు. బయోడేటాలో పాత ఉద్యోగానికి భూతకాలం, ప్రస్తుత ఉద్యోగానికి వర్తమానం వాడాలి. ప్రాజెక్టు రిపోర్టులో చేసిన ప్రయోగానికి భూతకాలం, దానివల్ల తేలిన శాశ్వత నియమానికి వర్తమానం వాడాలి. కథను సంగ్రహించి చెప్పేటప్పుడు ఇంగ్లీషులో వర్తమానం వాడడం పరిపాటి.

‘హ్యాడ్’ ఎక్కడ, ఎందుకు

మన నగరంలో ‘హ్యాడ్’ వాడకం మితిమీరిందని నేను గమనించాను. “ఎస్టర్డే ఐ హ్యాడ్ గాన్ టు ద బ్యాంక్” అని రాసి అక్కడితో ఆపేస్తారు. ఉర్దూలో “కల్ మైఁ బ్యాంక్ గయా థా” అనడం సహజం. ఆ మాటలు చుట్టూ వింటూ పెరిగిన చెవికి ‘థా’ ఉన్నచోట ‘హ్యాడ్’ ఉండాలనిపించడంలో ఆశ్చర్యం లేదు. అయితే ఇంగ్లీషులో ‘హ్యాడ్ గాన్’ అంటే, గతంలోని మరొక సంఘటనకంటే ముందే వెళ్లడం పూర్తయిందని అర్థం. ఆ రెండో సంఘటన వాక్యంలోనో పక్క వాక్యంలోనో లేకపోతే, చదివేవారు ‘తరువాత ఏమైంది’ అని ఎదురుచూస్తూనే ఉండిపోతారు. ఒంటరి సంఘటనకు “ఎస్టర్డే ఐ వెంట్ టు ద బ్యాంక్” చాలు.

దీన్ని గుర్తుంచుకోవడానికి ఒక సూత్రం ఉంది: జరిగిన వరుసలోనే చెబుతున్నప్పుడు ‘హ్యాడ్’ అవసరం లేదు, వరుస తప్పించి వెనక్కి వెళ్లినప్పుడు అవసరం. “ద మూసీ ఫ్లడెడ్ ద సిటీ ఇన్ 1908, అండ్ ఉస్మాన్ సాగర్ వాజ్ కంప్లీటెడ్ ఇన్ 1920” అన్న వాక్యంలో వరద ముందు, జలాశయం తరువాత. జరిగిన వరుసే చెప్పిన వరుస. అదే “ఉస్మాన్ సాగర్ వాజ్ కంప్లీటెడ్ ఇన్ 1920, ట్వెల్వ్ ఇయర్స్ ఆఫ్టర్ ద మూసీ హ్యాడ్ ఫ్లడెడ్ ద సిటీ” అన్నప్పుడు 1920లో నిలబడి 1908 వైపు తిరిగి చూస్తున్నాము కనుక ‘హ్యాడ్’ వచ్చింది. ‘ఆఫ్టర్’ అనే మాటే వరుసను చెబుతోంది కనుక ఇక్కడ ‘ఫ్లడెడ్’ అని మాత్రమే రాసినా తప్పు పట్టరు. “నేను స్టేషన్‌కు చేరేసరికి రైలు వెళ్లిపోయింది” వంటి వాక్యంలో మాత్రం ‘హ్యాడ్’ వదలడానికి వీల్లేదు: “వెన్ ఐ రీచ్డ్ ద స్టేషన్, ద ట్రెయిన్ హ్యాడ్ లెఫ్ట్.” ‘హ్యాడ్’ తీసేసి ‘లెఫ్ట్’ అని ఊరుకుంటే, మనం చేరిన క్షణంలోనే రైలు బయలుదేరినట్లు అర్థం మారుతుంది.

‘హావ్’ గురించి ఒక్క మాట చాలు. ‘ఎస్టర్డే’, ‘లాస్ట్ వీక్’, ‘ఇన్ 2019’ అని సమయం స్పష్టంగా చెప్పినచోట ‘హావ్ సబ్మిటెడ్’ పనికిరాదు, ‘సబ్మిటెడ్’ అనాలి. ‘2019 నుంచి పనిచేస్తున్నాను’ అన్నప్పుడు మాత్రం “ఐ యామ్ వర్కింగ్” కాకుండా “ఐ హావ్ బీన్ వర్కింగ్ హియర్ సిన్స్ 2019” అనాలి.

‘అని’తో జాగ్రత్త

“రేపు వస్తానని చెప్పాడు.” తెలుగులో ‘అని’ ఎదుటివారి మాటను దాని కాలంతో సహా అలాగే పట్టి ఉంచుతుంది, చెప్పింది నిన్నయినా, నిరుడైనా ‘వస్తాను’ మారదు. ఇంగ్లీషులో ‘సెడ్ దట్’ వచ్చిన వెంటనే ఆ మాట మన మాట అవుతుంది, కాలం కూడా మనం నిలబడిన చోటికి జరుగుతుంది: “హీ సెడ్ దట్ హీ వుడ్ కమ్ ద నెక్స్ట్ డే.” ‘విల్’ ‘వుడ్’ అవుతుంది, ‘ఈజ్’ ‘వాజ్’ అవుతుంది, ‘టుమారో’ ‘ద నెక్స్ట్ డే’ అవుతుంది. మార్చడం ఇష్టం లేకపోతే కొటేషన్ గుర్తుల్లో అతని మాటను ఉన్నది ఉన్నట్లు పెట్టవచ్చు. సగం మార్చి సగం వదిలేయడమే తప్పు.

ఎప్పటికీ నిజమైన సంగతికి ఈ మార్పు అక్కరలేదు. భూమి సూర్యుని చుట్టూ తిరుగుతుందని టీచర్ చెప్పారనేటప్పుడు ‘రివాల్వ్స్’ అనే ఉంచాలి. ఆఫీసు మెయిల్‌లో “ద సప్లయర్ సెడ్ దట్ ద పార్ట్స్ విల్ రీచ్ అస్ ఆన్ ఫ్రైడే” అని రాసినప్పుడు ఆ శుక్రవారం ఇంకా రాకపోతే ‘విల్’ ఉంచడం తప్పు కాదు. దాటిపోయాక రాస్తే ‘వుడ్’ తప్పనిసరి. పరీక్షలో ఈ విచక్షణకు పోకుండా ‘వుడ్’ రాయమనే నా సలహా.

పరీక్ష హాలులో గాని, మెయిల్ పంపబోయే ముందు గాని, ఆఖరి ఐదు నిమిషాలు క్రియలకే కేటాయించాలి. మొదటి వాక్యం నుంచి చదివితే కథలో పడిపోయి క్రియలను గమనించము కనుక, చివరి వాక్యం నుంచి మొదలుపెట్టి ఒక్కొక్క వాక్యంగా పైకి రావాలి. ప్రతి వాక్యంలో గీత గీసిన క్రియ దగ్గర ఆగి ‘ఎప్పుడు?’ అని అడిగి, మార్జిన్‌లోని మాటతో సరిచూడాలి. సమయం మరీ తక్కువగా ఉంటే, ఒక వాక్యంలో రెండు మూడు క్రియలున్నప్పుడు చివరిదాన్ని వదిలేసి, దాని ముందున్నవాటిని మాత్రం తప్పకుండా చూడాలి.